కోయిలకుంట్ల తోకచుక్క

దావీదురాజు బస్సు కండక్టరు. కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగుకు, మళ్ళీ జమ్మలమడుగు నుంచి కోయిలకుంట్లకు తిరగడంలోనే ఆయన వయసు సగం కరిగిపోయింది. మిగిలిన సగాన్ని చర్చి క్రిస్మస్ నాటకం తినేసింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. వెనక సీటు కింద కోడిపిల్లల గంప దాచుకున్న ముసలమ్మ కూడా ఉలిక్కిపడేలా "టికెట్ టికెట్" అనగలడు. ఆ గొంతును చూసే సంఘం పెద్దలు నాటకం బాధ్యత ఆయనకు అప్పగించారు. మైకు పోయినా ఫరవాలేదని వాళ్ళ ధైర్యం. గొంతుతో పాటు ఒక బుర్ర కూడా వస్తుందని వాళ్ళు అనుకోలేదు.

దావీదురాజుకు ఏదీ ఉత్తుత్తిగా చేయడం నచ్చదు. మొదటి ఏడు "గొర్రెలు లేకుండా గొర్రెల కాపర్లు వస్తే జనం యాడన్నా నమ్ముతారా" అని నిజం గొర్రెలనే వేదిక ఎక్కించాడు. అవి ముందు బాలయేసును పడుకోబెట్టే తొట్టిలో పరిచిన గడ్డి తిన్నాయి. తర్వాత దేవదూత రెక్కలకు అంటించిన రంగుకాగితాలు తిన్నాయి. ఆ దేవదూత సంతోషవార్త మొత్తం ఏడుస్తూ చెప్పింది. ఇంకో ఏడు మంచు కురవాలన్నాడు. బెత్లెహేములో మంచు కురుస్తుందో లేదో కోయిలకుంట్లలో గట్టిగా చెప్పగలిగిన మనిషి లేడు కాబట్టి ఎవరూ అడ్డుపడలేదు. ఫ్యాను రెక్కల మీద దూది పరిచి స్విచ్చి వేశారు. కొత్త సంవత్సరం ఆరాధన దాకా సంఘమంతా దగ్గుతూనే ఉంది.

ఇవన్నీ జనం పోనీలే అనుకున్నారు. నక్షత్రం సంగతి మాత్రం మరిచిపోలేదు.

ప్రతి ఏడూ వేపచెట్టు నుంచి చర్చి వాకిలి దాకా తాడు కట్టి, దాని మీద నక్షత్రాన్ని లాగేవారు. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురు దాని వెంట నడిచొచ్చి తొట్టి ముందు మోకరించాలి. రెండువేల ఆరులో కప్పీ బిగుసుకుపోయి నక్షత్రం సగం దారిలో ఆగింది. నక్షత్రం ఆగితే మీరూ ఆగాలని దావీదురాజు ముందే కట్టుదిట్టం చేసి ఉన్నందువల్ల జ్ఞానులు ముగ్గురూ వీధి నడుమ నిలబడిపోయారు. పాటలవాళ్ళు పాడిన పాటే మళ్ళీ పాడారు. ఒక ఎద్దులబండి వచ్చి జ్ఞానుల వెనక ఆగింది, దాని వెనక ట్రాక్టరు ఆగింది. చివరికి ఎవరో చింతకాయలు దులిపే దోటి తెచ్చి పొడిస్తే, నక్షత్రం తెగి జ్ఞానుల్లో పెద్దవాడైన ఏసేపు తాత కిరీటం మీద పడింది.

చర్చికి ఎదురుగా, దావీదురాజు ఇంటి పక్కనే, గంగాధరం శెట్టి ఇల్లు. ఇంటి ముందు కిరాణా అంగడి, వెనక పెరట్లో బర్రెల కొట్టం. శెట్టి అంగట్లో కూర్చొనే ఏటేటా నాటకం చూసేవాడు. నక్షత్రం తెగిన మరుసటి రోజు దావీదురాజు బెల్లానికి పోతే తూకం వేస్తూ, "ఏం కండక్టరూ, నక్షత్రానికి టికెట్ కొట్టలేదా? దావ నడుమనే దించేసినావు" అన్నాడు.

ఆ మాట దావీదురాజు గొంతులో చేపముల్లులా గుచ్చుకొని ఏడాది పాటు అట్లే ఉండిపోయింది.

మరుసటి నవంబరులో ఆయన బావమరిది ఏసుబాబు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఒక పెద్దింటి కారు నడుపుతాడు. ఆ ఇంటి అబ్బాయి మోజుపడి కొనుక్కొని, విసుగుపుట్టి మూలన పడేసిన రిమోట్ హెలికాప్టరు ఒకటి ఉంటే, దాన్ని పెట్టెతో సహా అక్క ఇంటికి మోసుకొచ్చాడు. అక్క పేరు విశ్వాసమ్మ. ఇంట్లో మిషను పెట్టుకొని వీధి వాళ్ళకు జాకెట్లు కుడుతుంది.

"ఇదేందిరా?" అంది ఆమె, మూరన్నర పొడుగున్న ఆ వస్తువును చూసి.

"హెలికాప్టరు అక్కా. బావకు."

"ఆయప్పకు బస్సు ఒకటి చాలదా? రవ్వంత కుంకుమపువ్వన్నా తేకపోతివి."

దావీదురాజు హెలికాప్టరును రెండు చేతులా ఎత్తి అడుగు వైపు చూశాడు. కింద రెండు కాళ్ళ మధ్య ఖాళీ ఉంది. అక్కడ ఒక దారం కడితే, ఆ దారానికి నక్షత్రం కడితే. ఆయన ముఖం వెలిగిపోవడం విశ్వాసమ్మ చూసింది. ఫ్యానుకు దూది పరిచిన ఏడు కూడా ఆ ముఖం అట్లే వెలిగింది.

ఆ సాయంత్రమే మిద్దెక్కి ఎగరేశారు. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి ఉన్న సంగతి విశ్వాసమ్మ చెప్పింది గానీ బావా బావమరుదులు వినే స్థితిలో లేరు. ఏసుబాబు రిమోట్ పుల్ల పైకి తోశాడు. పైరెక్కలు గిరగిరా తిరిగాయి, హెలికాప్టరు జానెడు లేచింది. లేవగానే రెక్కలతో పాటు అది కూడా తిరగడం మొదలుపెట్టింది. బొంగరంలా తిరుగుతూ మిరపకాయల మీదుగా పోయి గింజలనూ తోళ్ళనూ వీధి మీదికి చిమ్మింది. వీధి వీధంతా తుమ్మింది. శెట్టి అంగట్లో చక్కెర కొలుస్తున్నవాడు తుమ్మి, కొలిచింది మళ్ళీ కొలిచాడు. కొట్టంలో శెట్టి గారి చూడిబర్రె తుమ్మింది.

"ఇది తిరిగేదా, ఎగిరేదా?" అన్నాడు దావీదురాజు కళ్ళు తుడుచుకుంటూ.

"కువైట్‌లోనూ ఇట్లే తిరిగింది బావా. అందుకే నాకిచ్చేసినారు."

పెట్టెలో ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. ఇద్దరూ దాన్ని తీసుకొని పాస్టరయ్య దగ్గరికి పోయారు. పాస్టరయ్య మంచి మనిషి. కానీ ఏళ్ళ తరబడి ప్రసంగాలు చేసి చేసి, కూరగాయల బేరం కూడా ప్రసంగం భాషలోనే చేస్తాడు. కళ్ళద్దాలు పెట్టుకొని, వేలితో వరుస వరుసా చదువుతూ తెలుగులో చెప్పసాగాడు.

"పైరెక్క ఒక దిక్కునకు తిరుగునప్పుడు శరీరము దాని ఎదురు దిక్కునకు తిరుగగోరును. దానిని ఆపుటకై తోకలో చిన్న రెక్క నియమింపబడెను. అయితే మనుష్యుని చేయి అంత వేగముగా ఆ చిన్న రెక్కను దిద్దజాలదు గనుక జైరో అనునది ఒకటి అమర్చవలెను. తోక ఏ దిక్కునకు తొలగునో, జైరో దానికి విరోధముగా పనిచేయును."

"అంటే మా అక్క మాదిరి" అన్నాడు ఏసుబాబు.

"కాదురా" అన్నాడు దావీదురాజు. "ఇది తోకకు కండక్టరు. తోక పక్కకు జరిగితే విజిల్ ఏసి మళ్ళీ దాని సీట్లో దాన్ని కూర్చోబెడతాది."

"అది ఎక్కడ నున్నది?" అన్నాడు పాస్టరయ్య.

బొమ్మలో చూస్తే అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్లడబ్బీ, దానికి సన్నటి వైర్లు. పెట్టె తిరగేసినా కనబడలేదు. ఇల్లంతా వెతికారు. చివరికి అది విశ్వాసమ్మ గుండీల డబ్బాలో దొరికింది. పెట్టె విప్పిన రోజే ఆమె దాన్ని చూసి, ముచ్చటగా ఉంది, హుక్కులు పోసుకోవచ్చని తీసి పెట్టుకుంది. మూత రాక రెండు రోజులుగా గింజుకుంటోంది.

జైరోను తోక మొదట్లో మెత్తటి జిగురుపట్టీతో అతికించి, వైర్లు గుచ్చారు. దాని పక్కన మిల్లీమీటరంత మీట ఒకటి ఉంది. ఒక వైపుకు తోస్తే నార్మల్, ఇంకో వైపుకు తోస్తే రివర్స్. ఎటు తోయాలన్నది పుస్తకంలో ఇంకో పేజీలో ఉంది. ఆ పేజీ దాకా ఆగే ఓపిక దావీదురాజుకు లేదు.

"అయ్యగారు ఏం చెప్పినారు? విరోధముగా పనిచేయునన్నారు. విరోధమంటే రివర్సే గదా" అని రివర్స్‌కు తోశాడు.

ఈసారి మిద్దె మీద కాదు, పెరట్లో. బోర్లా పడకుండా కాళ్ళకు రెండు వెదురుబద్దలు అడ్డంగా కట్టారు. పుల్ల పైకి తోయగానే హెలికాప్టరు తోక రవ్వంత కుడికి జరిగింది. జైరో దాన్ని పట్టుకొని ఇంకా కుడికి తోసింది. తోక ఇంకా జరిగింది, జైరో ఇంకా తోసింది. మొన్న బొంగరంలా తిరిగింది ఇవాళ కనపడకుండా పోయింది. ఒక బూడిదరంగు చక్రం మాత్రం మిగిలింది. ఏసుబాబు బట్టలుతికే బండ చాటుకు దూకాడు. ఒక వెదురుబద్ద తెగి గోడ దాటిపోయి శెట్టి అంగట్లో శనగపప్పు మూటలో దిగబడింది.

కాసేపటికి శెట్టి ఆ బద్దను చేతిలో పట్టుకొని వాకిట్లోకి వచ్చాడు. "ఏమప్పా, పండక్కి ముందే బాణాలేస్తాండారు?"

"జైరో శెట్టిగారూ. కండక్టరు తప్పు విజిల్ ఏసినాడు."

"కండక్టరు నువ్వే గదా?"

అది నిజమే కాబట్టి దావీదురాజు బద్ద అందుకొని పెరట్లోకి పోయాడు.

మీట నార్మల్‌కు మార్చాడు. తిరగడం తగ్గింది గానీ ఇంకో చిక్కు వచ్చింది. ఆయన రిమోట్‌లో ఎడమకు తోస్తే హెలికాప్టరు కుడికి పోతోంది. జైరో మళ్ళీ తిరగబడిందని మీట రివర్స్‌కు మార్చాడు. మళ్ళీ బూడిదరంగు చక్రం. మళ్ళీ నార్మల్. అట్లా ఒక పూటంతా నార్మల్ రివర్స్‌ల మధ్య గడిచాక అసలు సంగతి ఏసుబాబు కనిపెట్టాడు. దావీదురాజు హెలికాప్టరు ముక్కుకు ఎదురుగా నిలబడి నడుపుతున్నాడు. బస్సులో ఏళ్ళ తరబడి డ్రైవరుకు వీపు పెట్టి, ప్రయాణికుల వైపు తిరిగి నిలబడిన మనిషి ఆయన. బస్సుకు ఏది ఎడమో ఆయనకు అది కుడి. జమ్మలమడుగు దారిలో ఏ ఊరు ఏ పక్కన వస్తుందని అడిగినా తిరగేసే చెప్తాడు.

"బావా, నువ్వు దీనికి కండక్టరువు కాదు, డ్రైవరువి. వెనక నిలబడు."

"మొగం చూడకుండా ఎట్ల నడిపేది?"

"డ్రైవరు యాడన్నా బస్సు మొగం చూస్తాడా?"

దావీదురాజు వెనక్కి పోయి నిలబడ్డాడు. కుడి ఎడమలు ఒకదాని చోటికి ఒకటి వచ్చి కూర్చున్నాయి. జైరో సరిగ్గా ఉందో లేదో ఎగరేయకుండానే తెలుసుకునే పద్ధతి కూడా పాస్టరయ్య ఆ పేజీలో చదివి పెట్టాడు. పైరెక్కల మోటారు వైరు పీకేయాలి. రిమోట్ పుల్ల కుడికి తోస్తే తోకరెక్కలు ఎటు మళ్ళుతాయో చూసుకోవాలి. తర్వాత ఎవరైనా హెలికాప్టరును చేతుల్లో పట్టుకొని ముక్కును చురుగ్గా ఎడమకు తిప్పాలి. అప్పుడు కూడా తోకరెక్కలు అటే మళ్ళితే జైరో బుద్ధిగా ఉన్నట్లు. పట్టుకొని తిప్పే పని విశ్వాసమ్మకు పడింది. ఆమె పసిబిడ్డకు స్నానం చేయించినట్లు దాన్ని చేతుల మీద పరుచుకొని ముక్కు తిప్పింది. తోకరెక్కలు టక్కున పుస్తకం చెప్పిన వైపే మళ్ళాయి.

"ఇది నా మాట వింటాండాది" అంది.

ఇక మిగిలింది తోక వణుకు. హెలికాప్టరు లేచి ఒకచోట నిలుస్తోంది, కానీ బస్టాండులో అన్నం మూట చూసిన కుక్క తోకలా దాని తోక టకటకా ఊగుతోంది. జైరో ఎంత గట్టిగా దిద్దాలో చెప్పే చిన్న మర దాని మీదే ఉందని, అది మితిమీరితే తోక వణుకుననీ, తక్కువైన యెడల తోక సోమరియగుననీ పాస్టరయ్య చెప్పాడు. బావా బావమరుదులు తిప్పితే అయితే వణుకు, లేకపోతే సోమరితనం. రెండింటి నడుమ వాళ్ళ చేయి నిలవలేదు. విశ్వాసమ్మ ఆ టకటక చప్పుడు భరించలేక మిషను స్క్రూడ్రైవరు తెచ్చి, ఊపిరి బిగబట్టి గోరంత వెనక్కి తిప్పింది. తోక నిలిచింది. ఎట్లా తెలిసిందని అడిగితే, "తెలీలే. అంతకంటే తిప్పితే ఇరిగిపోతాదని భయపడి ఆపేసినా" అంది.

డిపో వెనక ఖాళీజాగాలో, గాలి లేని ఒక పొద్దున, కొబ్బరి ఈనెలతో కట్టి వెండికాగితం అంటించిన నక్షత్రాన్ని దారానికి వేలాడదీసి చూశారు. హెలికాప్టరు మనిషెత్తు లేచి అట్లే నిలబడింది. తోక కదల్లేదు. పళ్ళు తోముకుంటున్న డ్రైవర్లు బ్రష్షులు నోట్లో పెట్టుకొనే వచ్చి చుట్టూ చేరారు. దావీదురాజు కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయాడు. దించమని ఏసుబాబు చెప్పేదాకా ఆయనకు దించాలన్న ధ్యాసే రాలేదు.

"ఒకటి మాత్రం మరిచిపోగూడదు బావా" అన్నాడు ఏసుబాబు. "బ్యాటరీ తగిలించినాక లైటు నిలకడగా ఎలిగేదాకా దీన్ని ఎవురూ కదిలించగూడదు. నిలకడ అంటే ఏందో ఇది అప్పుడే నేర్చుకుంటాది. అప్పుడు కదిలిస్తే కదలడమే నిలకడ అనుకుంటాది."

"నేను చూసుకుంటా గమ్మునుండప్పా" అన్నాడు దావీదురాజు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి వీధి కిక్కిరిసిపోయింది. హెలికాప్టరు సంగతి తెలిసి అవుకు ఊరి నుంచి కూడా జనం వచ్చారు. వేపచెట్టు కింద ఒక బల్ల వేసి హెలికాప్టరును దాని మీద పెట్టారు. నక్షత్రంలో చిన్న చిన్న బల్బులు వెలుగుతున్నాయి. జ్ఞానులు ముగ్గురూ జరీ అంచు దుప్పట్లు కప్పుకొని సిద్ధంగా ఉన్నారు. ఒకరి చేతిలో బంగారం, అంటే బంగారురంగు కాగితం చుట్టిన ఇత్తడి చెంబు. ఇంకొకరి చేతిలో సాంబ్రాణి. ఏసేపు తాత చేతిలో బోళం ఉండాలి. బోళం ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియక ఆముదం సీసా పెట్టారు. వాళ్ళ వెనక ఒంటె. ఒంటె అంటే డిపో మెకానిక్కులు ఇద్దరు, మీద ఒక గొంగడి. ముందున్నవాడికి గొంగడిలో కళ్ళకు బెజ్జాలున్నాయి. వెనకవాడు వంగి ముందువాడి నడుము పట్టుకోవడమే, వాడికి లోకం కనపడదు.

సరిగ్గా దావీదురాజు బ్యాటరీ తగిలించి లైటు వైపు చూస్తుండగా, ఒంటె వెనక భాగానికి నడుము నొప్పి పుట్టింది. ఆనుకోవడానికి ఏదో తగిలింది కదా అని బల్లకు ఆనుకున్నాడు. బల్ల నెమ్మదిగా, చప్పుడు లేకుండా పక్కకు తిరిగింది. బల్లతో పాటు హెలికాప్టరూ తిరిగింది. అది తిరుగుతూ ఉండగానే లైటు నిలకడగా వెలిగింది. దావీదురాజుకు లైటు కనపడింది గానీ బల్ల కనపడలేదు. "స్తోత్రం" అనుకొని పుల్ల పైకి తోశాడు.

నక్షత్రం లేచింది. జనం ఒక్కసారిగా "ఆఁ" అన్నారు. శెట్టి అంగడి దిగి అరుగు మీదికొచ్చాడు. నక్షత్రం చర్చి వైపు కొంచెం దూరం చక్కగా పోయింది. తర్వాత దాని ముక్కు ఎడమకు మళ్ళసాగింది. దావీదురాజు కుడికి తోశాడు, వచ్చింది. చేయి వదిలాడు, మళ్ళీ ఎడమకు పోయింది. అట్లా పోయి పోయి హెలికాప్టరు పూర్తిగా వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. ఆ క్షణంలో దావీదురాజు మళ్ళీ కండక్టరైపోయాడు. కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆయన ఎంత దిద్దితే అది అంత దూరం పోయింది. వీధి దాటింది, శెట్టి అంగడి మీదుగా పోయింది.

ఏసేపు తాతకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆయనకు చర్చీ కనపడదు, అంగడీ కనపడదు, వెలుగు మాత్రం కనపడుతుంది. నక్షత్రం ఎటు పోతే అటే పోవాలన్నది ఆయనకు తెలిసిన ఒకే ఒక్క మాట. పెద్దాయన కదిలాడని మిగతా ఇద్దరూ కదిలారు. జ్ఞానులు కదిలారని ఒంటె కదిలింది. అందరూ శెట్టి అరుగెక్కి, ఉల్లిగడ్డల మూటల నడుమ నుంచి లోపలికి నడిచారు.

"ఏమప్పా, యాడికి పోతాండారు?" అన్నాడు శెట్టి.

"నక్షత్రం యాడికి పోతే ఆడికి" అన్నాడు ఏసేపు తాత, ఆగకుండానే.

బ్యాటరీ అయిపోతూ ఉంది. రెక్కల చప్పుడు నీరసించింది. హెలికాప్టరు శెట్టి గారి పెరట్లో బర్రెల కొట్టం పక్కనున్న జొన్నచొప్ప వామి మీద మెత్తగా కూర్చుంది. దారం జారి, వెలుగుతున్న నక్షత్రం కొట్టం చూరుకు వేలాడి, సరిగ్గా వాకిలి మీద ఆగింది.

లోపల చూడిబర్రె అప్పుడే ఈనింది. శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ గోనెపట్టాతో దూడను తుడుస్తోంది. తలెత్తి చూస్తే వాకిట్లో కిరీటాలు పెట్టుకున్న ముగ్గురు మనుషులు, వాళ్ళ వెనక సగం ఒంటె. మిగతా సగం ఉల్లిగడ్డల మూటల దగ్గర ముందుభాగం నుంచి జారిపోయి, "వచ్చేసినామా?" అని చీకట్లో అడుగుతోంది.

"పుట్టిన బిడ్డ యాడుండాడమ్మా?" అన్నాడు ఏసేపు తాత.

"బిడ్డ కాదు తాతా, పెయ్యదూడ" అంది రాజ్యలక్ష్మమ్మ. "నిలబడొద్దు, రాండి. తలుపు దగ్గర అడ్డముంటే బర్రె బెదురుతాది."

అయినా వచ్చిన పని వచ్చిన పనే. ఏసేపు తాత మోకాళ్ళ మీద కూర్చొని ఆముదం సీసా ముందు పెట్టాడు. సాంబ్రాణి చూడగానే రాజ్యలక్ష్మమ్మ, "మంచిపని చేసినారు, దోమలు శానా ఉండాయి" అని తీసుకొని నిప్పుల మీద వేసింది. ఇత్తడి చెంబు మీది బంగారం కాగితాన్ని బర్రె నాకి, నమిలి, మింగింది.

అప్పటికి వీధి జనమంతా పెరట్లోకి వచ్చేశారు. అందరికంటే వెనక దావీదురాజు రిమోట్ చేతిలో పట్టుకొని, తలదించుకొని వచ్చాడు. పాస్టరయ్య జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి నక్షత్రాన్ని చూశాడు, కొట్టాన్ని చూశాడు, తడితడిగా లేవబోతూ పడిపోతున్న దూడను చూశాడు. అందరూ ఆయన ఏమంటాడా అని చూశారు.

"నక్షత్రము పశువులపాక మీద నిలుచునని మనము ప్రతి సంవత్సరము చెప్పుచున్నాము" అన్నాడు పాస్టరయ్య. "ఈ సంవత్సరము అది నిలిచెను." ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు. బర్రెకు గడ్డి వేసే గాడికి ఆనుకొని, కళ్ళద్దాలు తీసి, నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాక మిగతావాళ్ళకు అడ్డు లేకపోయింది. పాటలవాళ్ళు అక్కడే పాడారు. దూడ మూడో పాటకు లేచి నిలబడింది.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యేసరికి శెట్టి ఇంటి నుంచి అదే ఇత్తడి చెంబు నిండా జున్నుపాలు వచ్చాయి. విశ్వాసమ్మ బెల్లం, మిరియాలు వేసి జున్ను కాసింది. సంఘంలో తలా ఒక ముక్క తిన్నారు. దావీదురాజు ముక్క చేతిలో పట్టుకొని కూర్చున్నాడు.

"తినయ్యా" అంది విశ్వాసమ్మ. "నక్షత్రం తాడు మీద పోయిన ఏళ్ళలో ఎవరన్నా జున్ను పంపించినారా?"

జనవరిలో ఏసుబాబు కువైట్ పోయాడు. కథ అక్కడితో అయిపోవలసిందే. కానీ ఆ ఈతకు శెట్టి గారి బర్రె పాలు ఎక్కువిచ్చింది. ఎందుకిచ్చిందో బర్రెకే తెలియాలి. రాజ్యలక్ష్మమ్మ మాత్రం బావి దగ్గర నలుగురిలో, "నక్షత్రమొచ్చిన వేళ మంచిది" అంది. ఆ మాట ఊరంతా తిరిగింది. మరుసటి డిసెంబరు వచ్చేసరికి బస్సులో దావీదురాజుకు టికెట్లు కొట్టే తీరిక లేదు.

"అప్పా, ఈసారి మా కొట్టానికి పంపియ్యి. రెండు ఎనుములు చూడితో ఉండాయి."

"కండక్టరుసారూ, మా ఇల్లు చర్చికి కుడిపక్కన. రవ్వంత కుడికి తిప్పితే చాలు."

శెట్టి కూడా వచ్చాడు. మాటను ఎక్కడెక్కడో తిప్పి, చివరికి, "పోయినేడు మా ఇంటికొచ్చింది గదా, ఈసారీ మాకే రావడం న్యాయం" అన్నాడు.

దావీదురాజు మొహమాటస్థుడు. ఎవరికీ కాదనలేక అందరికీ ఊ అన్నాడు. పండుగనాడు వేపచెట్టు కింద అదే బల్ల వేశాడు. పోయినేడు బల్ల తిరిగిన సంగతి ఒంటె వెనకవాడు ఎప్పుడో ఒప్పుకున్నాడు కాబట్టి, బ్యాటరీ తగిలించి తానే బల్లను కాలితో కొంచెం తోశాడు. లైటు వెలగలేదు. ఇంకొంచెం తోశాడు. ఒంటె వెనకవాడు అడగకుండానే వచ్చి ఆనుకున్నాడు. లైటు మినుకుమినుకుమంటూనే ఉంది. జైరోకు పోయినేడు లేని బుద్ధి ఇప్పుడు వచ్చినట్లుంది. అందరూ విసిగి చేతులు తీసేశాక, బల్ల నిలిచాక, తీరిగ్గా వెలిగింది.

నక్షత్రం లేచింది. గీత గీసినట్లు చర్చి వాకిలికి పోయింది. తొట్టి మీద రవ్వంత కూడా అటూ ఇటూ కాకుండా నిలిచింది. తోక కదల్లేదు. దావీదురాజు పెట్టిన నాటకాలన్నింటిలో మొట్టమొదటిసారి అన్నీ అనుకున్నట్లు జరిగాయి. జ్ఞానులు వచ్చారు, మోకరించారు, లేచారు. వీధిలో పసుపునీళ్ళు చల్లి, కొట్టం ముందు ముగ్గు పెట్టుకొని కూర్చున్నవాళ్ళు కాసేపు ఆకాశం వంక చూసి, ఏదీ రాకపోయేసరికి లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

"బాగుండాది" అన్నాడు శెట్టి అరుగు మీద నుంచి. ఆ మాట అన్న తీరుకు దావీదురాజుకు పోయినేటి కంటే ఎక్కువ సిగ్గేసింది.

మరుసటి పొద్దున కువైట్ నుంచి ఫోనొచ్చింది.

"బావా, నక్షత్రం యాడికి పోయింది?"

"చర్చికి" అన్నాడు దావీదురాజు.



"పోనీలే బావా" అన్నాడు ఏసుబాబు. "ఒక్కోసారి అట్లనే అయితాది. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు."